మోకు బిగినంక

నల్లగొండ పెద్ద దవాఖాన, ఆరో నంబరు గది.
గోడకు నేను అతికించిన చార్టు:
పడుకోండి, మోకాళ్ళు మడవండి, నడుము ఎత్తండి,
పది సార్లు, మూడు పూటలు.
బొమ్మలో మనిషికి ముఖం లేదు.
అందరికీ సరిపోవాలని కాబోలు.

గునగంటి మల్సూరు, యాభై రెండేళ్ళు.
శ్రావణంల, తెల్లారంగ,
వానకు నానిన తాటిచెట్టు మీంచి జారిండు.
నడుములో రెండు కడ్డీలు, ఎనిమిది మరలు.
ఎడమ కాలు సగం మాట వింటది.

నడుము ఎత్తమంటే చాలు
మెడనరాలు తేలుతయ్,
మొఖం రాగిచెంబయితది,
ఊపిరి గొంతుకాడ గొళ్ళెం పెట్టుకుంటది.
"ఎత్తేటప్పుడు వదలాలె పెద్దాయినా," అంట.
తలూపుతడు. మళ్ళీ బిగబడతడు.
బయటికి లెక్కపెట్టమన్న.
ఒకటి అన్నడు.
రెండు పండ్ల నడుమ నలిగింది.
మూడు రానే లేదు.

నేను చదివిన చదువంతా చెప్పిన:
బిగబడితే పొట్టలో ఒత్తిడి, నెత్తురు పోటెక్కుతది,
మరల మీద బరువు పడతది.
ఇని ఇని, కప్పు దిక్కు చూసుకుంట అన్నడు:
"మోకు పైకి ఎగేసేటప్పుడు అది సడలుతది మేడం.
ఆ గడియ చెట్టుకూ నాకూ నడుమ
ఊపిరొక్కటే ముడి.
దాన్ని గూడ ఇడిసిపెట్టుమంటవా?"

నా దగ్గర జవాబు లేదు.
పక్క మంచం మీద మర్రిగూడ దిక్కు నుంచొచ్చిన సాలమ్మ,
ఫ్లోరైడు నీళ్ళకు పక్కటెముకలు కట్టెబారిన మనిషి.
"ఛాతీ నిండ పీల్చు" అని
ఆమెకు నెలరోజులు చెప్పిందాన్ని నేనే.
తెరుచుకోని తలుపును నెలరోజులు నెట్టించిన.
ఆమె ఊపిరి ఎప్పుడో పొట్టలోకి కాపురం మార్చిందని
నా చెయ్యి అక్కడ పెట్టేదాక తెల్వలే.

ఆ మాపున కట్టంగూరు బస్సులో
కిటికీ పక్కన ఊపిరి బిగబట్టి చూసుకున్న.
పదకొండో తాటిచెట్టు దాటేసరికి ఛాతీ తన్నింది.
ఆయనకేమో ముప్పై ఐదేళ్ళు,
దినానికి పదహారు చెట్లు,
పొద్దున ఓసారి, మాపున ఓసారి.

తెల్లారి అడిగిన: "మరి ఎప్పుడు ఇడుస్తవ్?"
నా కేసు షీటులో ఆ గడి లేదు.
"మోకు బిగినంక. ఎనకకు ఆనుకుంట గద,
అప్పుడు దానంతటదే పోతది."
"అన్ని చెట్లకూ అంతేనా?"
నవ్విండు. "లావు చెట్టుకు ఓ తీరు, సన్న చెట్టుకు ఓ తీరు.
అన్నిటికి ఒక్క కొలత బిగిస్తె
మా అయ్య ఎన్నడో పోతుండె."

కోడలు సంచిల మోకు తెచ్చింది,
చెమట తాగి నల్లగ నునుపెక్కింది.
ఆయనకు కనపడేటట్టు కిటికీ చువ్వలకు కట్టిన.
తువ్వాల చుట్టి నడుము కిందికి తోసిన:
"ఇగో, బిగింది. ఆనుకో."

ఆనుకున్నడు.
హుఁ అని ఊపిరి ఎల్లింది.
ఎల్లుతుంటెనే నడుము లేచింది,
రెండు వేళ్ళ ఎత్తు.
పది సార్లు కాదు. నాలుగు.
ఐదోది వణికింది, ఆపిన.

ఇరవయ్యో రోజు జంట కడ్డీల నడుమ నిలబడ్డడు.
ఎడమ మోకాలు మడత పడబోయి తమాయించుకుంది.
ఫ్యాను చప్పుడు తప్ప గదిలో ఏం లేదు.
"మేడం," అన్నడు నా దిక్కు తిరగకుండనే,
"ఊపిరి ఇడువుండ్రి."

పోయేరోజు అడిగిండు, "మళ్ళ ఎక్కుతనా?"
మెట్లు ఎక్కుతవన్న.
ఆయన అడిగింది మెట్ల ముచ్చట కాదు.
చువ్వలకున్న మోకు విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టిండు:
"ఉండనియ్యి.
వానలు పడంగనే నా అసొంటోడు ఇంకోడొస్తడు.
వాని నడుము వేరే ఉంటది,
సూస్కొని బిగియ్యి."